ఎన్నికల బిల్లుకు ఒక్క పూట చాలదు

లోక్‌సభ స్పీకర్ గారికి,

ఓటరు జాబితాకు ఆధార్‌ను ముడిపెట్టే బిల్లు 2021 డిసెంబర్ 20న సభలో పెట్టిన రోజే గందరగోళం మధ్య గట్టెక్కింది. స్థాయీ సంఘానికి పంపమన్న విపక్షం మాట గాలికి పోయింది. ఆధార్ ఇవ్వలేకపోవడానికి ‘తగిన కారణం’ ఏమిటో చట్టం చెప్పలేదు, నిబంధనలకు వదిలేసింది. తీరా వచ్చిన ఫారం 6బిలో, ఇవ్వనివాళ్లకు మిగిలిన గడి ఒక్కటే: నాకు ఆధార్ లేదు. ఉండీ ఇవ్వదలచుకోని ఓటరు అబద్ధం రాయాలా?

సంఘాలంటే కాలయాపన అంటారు. సరే, 2017లో ఏ సంఘానికీ పంపకుండా ద్రవ్య బిల్లులో దూర్చిన ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు కొట్టేసేసరికి 2024 ఫిబ్రవరి వచ్చింది. ఆ ఏడేళ్ల ముందు మూణ్నెల్ల పరిశీలన ఎంత? జమిలి ఎన్నికల బిల్లు సంయుక్త సంఘానికి వెళ్లనే వెళ్లింది. ఇకపై ఎన్నికల చట్టాన్ని తాకే ప్రతి బిల్లునూ, ముసాయిదా నిబంధనలతో సహా, స్థాయీ సంఘానికి పంపండి. పంపే అధికారం మీదే.

ఇట్లు,
ఒక ఓటరు