కొత్త గేమింగ్ సిస్టమ్ కొనేముందు పాత క్యాబినెట్ మూత తీయండి

2020లో ఆన్‌లైన్ క్లాసుల కోసం హడావిడిగా కొన్న డెస్క్‌టాప్ మీ ఇంట్లో ఇంకా ఉందా? చాలా ఇళ్లలో ఉంది. ఏదో ఆఫీసు తీసేస్తే షాపుకొచ్చిన రీఫర్బిష్డ్ బ్రాండెడ్ సిస్టమ్, ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఓ చిన్న మానిటర్. క్లాసులు వినడానికి, ప్రాజెక్టుల ప్రింట్లు తీయడానికి అది చక్కగా సరిపోయింది. ఇప్పుడు పిల్లలు ఎనిమిదికో తొమ్మిదికో వచ్చారు. "నాన్నా, మన సిస్టమ్‌లో గేమ్ ల్యాగ్ అవుతోంది, గేమింగ్ పీసీ కొనవా?" అని మొదలైంది.

దీనికి ఇళ్లలో రెండు జవాబులే వినిపిస్తున్నాయి. "ఆటలూ లేవు గీటలూ లేవు, పుస్తకం తియ్" అన్నది ఒకటి. "టెన్త్‌లో మంచి మార్కులు తెచ్చుకో, లక్ష పెట్టి కొంటాను" అన్నది రెండోది. కంప్యూటర్ ల్యాబ్‌లో రోజూ ఈ పిల్లల మధ్యే ఉండే టీచర్‌గా నా మాట చెప్తాను. మూడో జవాబు ఒకటి ఉంది: "మన సిస్టమ్‌లో అడ్డుపడుతున్నది ఏమిటో ముందు నువ్వు కనిపెట్టి నాకు చూపించు. ఇంత డబ్బు అని హద్దు చెప్తాను, అందులో బాగుచేసుకుందాం."

ఆటలకు వత్తాసు పలుకుతున్నానని కోపగించుకోకండి. రోజుకు ఎంతసేపు ఆడాలి, పరీక్షల ముందు అసలు ఆడాలా వద్దా అన్నది మీ ఇంటి నిర్ణయం. నా అభ్యంతరం ఆ లక్ష రూపాయల మీద. "అంత పెట్టి కొని ఇప్పుడు ఆడొద్దంటావేంటి?" అని పిల్లవాడు అడిగితే మన దగ్గర జవాబుండదు. మార్కులకు బహుమతిగా ముడిపెడితే, పరీక్ష కాస్త అటూ ఇటూ అయిన రోజు ఇంట్లో జరిగే రభస మీకు తెలియంది కాదు. ఇంకో సంగతి చాలామంది లెక్క వేసుకోరు. పదో తరగతి అయ్యాక మన పిల్లల్లో ఎంతోమంది ఇంటర్‌కు రెసిడెన్షియల్ క్యాంపస్‌కు వెళ్తారు. తొమ్మిదిలో లక్ష పోసి కొన్న సిస్టమ్ ఆ రెండేళ్లూ దుప్పటి కప్పుకుని కూర్చుంటుంది. తిరిగొచ్చేసరికి పాతదైపోతుంది.

కాబట్టి ముందు రోగం ఏదో చూడాలి. దానికి పైసా ఖర్చు లేదు. పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఆట నడుస్తుండగా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కమనండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్నచోట సీపీయూ, మెమరీ, డిస్క్, జీపీయూ గ్రాఫులు కనిపిస్తాయి. పది నిమిషాలు ఆడి, ఏది నూటికి నూరు దగ్గర అతుక్కుపోయిందో కాగితం మీద రాయమనండి. ఈ కాగితం లేకుండా బజారుకు వెళ్లకండి.

డిస్క్ నూరు దగ్గర ఉంటే చాలాసార్లు లోపల పాత హార్డ్ డిస్క్ ఉందన్నమాట. ఎస్‌ఎస్‌డీ వేయిస్తే సిస్టమ్ తెరుచుకోవడం, ఆట లోడ్ అవడం బాగా వేగమవుతాయి. అయితే సెకనుకు ఎన్ని బొమ్మలు వస్తున్నాయో చెప్పే ఎఫ్‌పీఎస్ మాత్రం దీనితో పెద్దగా పెరగదు. ఈ ముక్క పిల్లలకు ముందే చెప్పండి, లేకపోతే డబ్బు పెట్టించి మొహం వేలాడేస్తారు.

క్యాబినెట్ మూత తీస్తే మొదట కనిపించేది దుమ్ము. మన వేసవికి తోడు ఫ్యాన్ రెక్కల మీద అంగుళం మందాన దుమ్ము పేరుకుంటే, ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఆట మొదట బాగా నడిచి, పావుగంట తర్వాత ఈడుస్తోందంటే ముందు వేడినే అనుమానించండి. మెత్తటి బ్రష్షుతో దులపడం, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్పించడం తక్కువ ఖర్చులో అయ్యే పనులు. మూత తీసేముందు ప్లగ్ పూర్తిగా పీకి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. కరెంటు వచ్చే ఇనుప పెట్టె, అంటే ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం మీరు గానీ పిల్లలు గానీ విప్పకూడదు. ప్లగ్ తీశాక కూడా అందులోని కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

తర్వాత ర్యామ్. ఇలాంటి సిస్టమ్‌లలో చాలాసార్లు 8 జీబీది ఒకటే స్టిక్ ఉంటుంది, పక్క స్లాట్ ఖాళీ. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్, బొమ్మ గీయడానికి కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది. అలాంటిదే రెండో స్టిక్ వేస్తే ఖాళీ పెరగడమే కాదు, రేషన్ షాపులో రెండో కౌంటర్ తెరిచినట్టు, ప్రాసెసర్ రెండు దారుల్లో సమాచారం తెచ్చుకుంటుంది. వాలరెంట్ లాంటి తేలికపాటి ఆటలు ఆడే ఇంట్లో ఈ ఒక్క మార్పుతోనే పిల్లల ఫిర్యాదు సగం తగ్గిపోవచ్చు. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని చోట ఒకటి పట్టవు, గాటు ఉండే చోటే వేరు. 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి గనుక, వారంటీ ఇచ్చే చోట సెకండ్ హ్యాండ్ స్టిక్ కొన్నా నాకు అభ్యంతరం లేదు.

ఇక గ్రాఫిక్స్ కార్డు. పిల్లలు అడిగేది ఇదే, డబ్బు నీళ్లలో పోసినట్టయ్యేదీ ఇక్కడే. నాకు తెలిసిన ఒక తొమ్మిదో తరగతి విద్యార్థి ఇంట్లో, ఒక షాపువాళ్ల మాట మీద మంచి కార్డే కొన్నారు. అది ఆ చిన్న క్యాబినెట్‌లో పట్టలేదు. పట్టినా దానికి కావాల్సిన కరెంటు వైరు ఆ సిస్టమ్‌లో లేదు. షాపులో వెనక్కి తీసుకోలేదు. కార్డు ఆర్నెల్లు బీరువాలో ఉంది, తిట్లు మాత్రం పిల్లవాడికి పడ్డాయి. ఆ తర్వాత వాడు ఇంట్లో ఏదీ అడగడం మానేశాడు, ల్యాబ్‌కొచ్చి నన్ను అడిగేవాడు. ఆ ఇంట్లో పోయింది కార్డు ఖరీదు ఒక్కటే అని నేననుకోను.

అందుకే కార్డు కంటే ముందు ఎస్‌ఎంపీఎస్ చూడండి. ఆఫీసు సిస్టమ్‌లకు కంపెనీలు అవసరం మేరకే కరెంటు ఇస్తాయి. చిన్న క్యాబినెట్‌లలో 180, 200, 260 వాట్లవి కనిపిస్తుంటాయి. గ్రాఫిక్స్ కార్డుకు విడిగా వెళ్లే 6 పిన్నుల, 8 పిన్నుల వైర్లు వాటిలో సాధారణంగా ఉండవు. "పెద్దది వేసేద్దాం సార్" అంటారు. షాపులో మామూలుగా అసెంబుల్ చేయించిన సిస్టమ్‌కైతే వేయొచ్చు, మదర్‌బోర్డుకు వెళ్లే ప్లగ్ అక్కడ అందరిదీ 24 పిన్నులదే. డెల్ ఆప్టిప్లెక్స్‌లు, హెచ్‌పీ, లెనోవో ఆఫీసు మోడళ్లలో చాలావాటికి ఆ కంపెనీ సొంత ప్లగ్, సొంత కొలతలు. బజారులో దొరికేది లోపల పట్టదు, పట్టినా ప్లగ్ కలవదు. కన్వర్టర్ వైర్లు దొరుకుతాయి గానీ, ఊరూ పేరూ లేని ఎస్‌ఎంపీఎస్‌తో కలిపి పిల్లల గదిలో అవి పెట్టమని నేను చెప్పను. స్టిక్కర్ మీద 500 వాట్లని ఉన్నంత మాత్రాన లోపల అన్ని ఉన్నాయని కాదు.

దీనికి దారి ఉంది. మదర్‌బోర్డు మీద కార్డు గుచ్చే పొడవాటి స్లాట్ నుంచే గరిష్ఠంగా 75 వాట్ల వరకు అందుతుంది. కొన్ని చిన్న మోడళ్లలో అంతకంటే తక్కువే ఇస్తారు, అది మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది. ఆ కరెంటుతోనే నడిచే కార్డులున్నాయి: జీటీఎక్స్ 1650లో విడి వైరు అడగని రకాలు, ఆర్‌ఎక్స్ 6400, ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీది. ఇక్కడో మెలిక. ఆర్‌టీఎక్స్ 3050 పేరుతోనే 8 జీబీది కూడా ఉంది, అది 130 వాట్లు తింటుంది, విడి వైరు అడుగుతుంది. బిల్లు వేసేముందు పెట్టె మీద చదివి చూసుకోండి. ఆర్‌ఎక్స్ 6400 పాత సిస్టమ్‌ల స్లాట్‌లో పూర్తి వేగంతో నడవదు గనుక దాన్ని నా జాబితాలో చివర పెడతాను. సన్నటి క్యాబినెట్ అయితే లో ప్రొఫైల్ అనే సగం ఎత్తు కార్డే కావాలి. అరచేతిలో పట్టేంత మైక్రో మోడళ్లలో ఈ స్లాటే ఉండదు, అక్కడ కార్డు ఆశ వదులుకోవాలి.

ఎక్కడ ఆగాలో కూడా చెప్పాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు ఎనిమిదో తరం నుంచే అధికారిక అనుమతి. ఐ5 పక్కన ఉన్న నంబరు 8తో, లేదా అంతకంటే పెద్ద అంకెతో మొదలైతే ఖర్చు పెట్టొచ్చు. ఆరో, ఏడో తరానిదైతే ప్రాసెసర్ మార్చి గట్టెక్కుదామని చూడకండి. ఎనిమిదో తరానిది అదే సాకెట్‌లో కూర్చున్నట్టు కనిపిస్తుంది గానీ ఆ బోర్డు మీద పనిచేయదు. అలాంటి సిస్టమ్‌కు రేపు కొత్తదానిలోకి మార్చుకోగలిగిన ఎస్‌ఎస్‌డీ వరకే కొని ఆపేయండి.

హైదరాబాద్‌లో ఉన్నవారు సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లోని సీటీసీకి పిల్లలనూ తీసుకెళ్లండి. రెండు మూడు షాపులు తిరగనివ్వండి, బేరం వాళ్లనే ఆడనివ్వండి. సీరియల్ నంబరు రాసిన బిల్లు లేకుండా ఏదీ తీసుకోకండి. సెకండ్ హ్యాండ్ కార్డు అయితే అక్కడే పెట్టించి, అరగంట ఆట నడిపించి చూశాకే డబ్బివ్వండి. విప్పడం, బిగించడం దసరా సెలవుల్లోనో వేసవిలోనో పెట్టుకోండి. యూనిట్ టెస్టు ముందు రోజు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం ఎవరికీ మంచిది కాదు.

కార్డు వేశాక కూడా ఏ తేడా లేదంటే కంగారుపడకండి. మానిటర్ కేబుల్‌ను అలవాటుగా పాత చోటే, మదర్‌బోర్డుకు గుచ్చి ఉంటారు, దాన్ని కార్డుకు మార్చాలి. ఇవన్నీ చేసేముందు ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్, మదర్‌బోర్డు, క్యాబినెట్ లోపలి ఖాళీ కనిపించేలా మూడు ఫొటోలు తీసి, టాస్క్ మేనేజర్ కాగితంతో పాటు మీ అబ్బాయి చేతో అమ్మాయి చేతో ల్యాబ్‌కు పంపండి. కొనకముందే పంపండి.