సంపాదకుని మాట: చిన్న యిల్లా, పెద్ద లోగిలియా?

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్న పెద్దలు, కట్టిన యింటిని నిలబెట్టుకొనుట అంతకన్న కష్టమని వేరుగ చెప్పలేదు. పట్టణమున రెండు గదుల సౌకర్యవంతమైన యిల్లు కొనుక్కొందుమా, లేక కోనసీమలోని తాతలనాటి మండువా లోగిలిని బాగుచేయించుకొందుమా అను మీమాంస నేడు పెక్కు కుటుంబములలో మెదలుచున్నది. ఈ సంచిక దానినే విచారించుచున్నది.

చిన్న యిల్లు చులకన చేయదగినది కాదు. ఊడ్చుట తేలిక, వ్యయము పరిమితము, వార్ధక్యమునకు అనువు. లోగిలి దృఢత్వమునకును కొదువ లేదు; కోనసీమను తాకిన 1996 నవంబరు తుపానును తట్టుకొని నిలిచిన లోగిళ్లు నేటికిని కలవు. అయినను, గోడలో దిగిన దూలపు కొనను ఉలితో పొడిచి చూచినప్పుడు, పైకి నిగనిగలాడు టేకు లోపల చెదపట్టి పొడియై రాలవచ్చును. మండువాలో పడిన వాననీరు బయటికి పోవు తూము పూడిపోయి పునాది నానవచ్చును. గానుగసున్నపు గోడకు సిమెంటు పూసినచో, లోని చెమ్మ వెలికి రాలేక ఇటుకనే పాడుచేయును గనుక, సున్నముతోడనే మరమ్మతు చేయవలెను. ఆ పని తెలిసిన మేస్త్రీలు అరుదగుచున్నారు.

కావున మా అభిప్రాయమిది: ఆ యింట నివసించువారును, ఏటేట పెంకులు సర్దించువారును ఉన్నచో లోగిలిని తప్పక నిలుపుకొనుడు; లేనిచో, కేవలము ప్రతిష్ఠకై అప్పుచేసి బాగుచేయించి, తాళము వేసియుంచుటకంటె, చిన్న యింట నిశ్చింతగా నుండుట మేలు. ఏ నిర్ణయమునకైనను ముందు ఒక వర్షాకాలము ఆ కప్పు క్రింద గడిపి చూడుడు.