బొమ్మ ఎవరి ఆస్తి?

స్త్రీల ఆస్తిహక్కు అనగానే మనకి పొలం, ఇల్లు, పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం గుర్తొస్తాయి. ఒక స్త్రీ తన చేత్తో వేసిన బొమ్మ కూడా ఆస్తేననీ, దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎంతకి కొంటారన్నది కూడా హక్కుల ప్రశ్నేననీ మనం పెద్దగా చర్చించుకోలేదు. ఆస్ట్రియా చిత్రకారిణి మరియా లాస్నిగ్ గురించి చదివినప్పటి నుంచీ ఈ విషయం నన్ను వదలటం లేదు.

లాస్నిగ్ 1919లో కారింథియా ప్రాంతంలో పెళ్లికాని తల్లికి పుట్టింది. అప్పటికి వియన్నా లలితకళల అకాడమీలో ఆడపిల్లలకి ప్రవేశమే లేదు. 1920లో గానీ ఆ తలుపులు తెరుచుకోలేదు. 1940లలో ఆమె అక్కడే చదువుకుంది. తర్వాత పారిస్, న్యూయార్క్. అద్దంలో కనబడే దేహాన్ని కాదు, లోపల్నించి తనకి తెలిసే దేహాన్ని గీసిందామె. నొప్పి, బరువు, ఒత్తిడి. స్పర్శ తెలియని భాగాన్ని గీయకుండా వదిలేసేది. అందుకే ఆ బొమ్మల్లో చాలా తలలకి జుట్టుండదు. 2005లో వేసిన 'నువ్వా నేనా' చిత్రంలో ఎనభై దాటిన తన దేహాన్ని నగ్నంగా చూపించింది. ఒక చేతిలోని తుపాకి తన కణతకి, రెండో చేతిలోది చూస్తున్న మనకి గురిపెట్టి ఉంటుంది. శతాబ్దాలుగా మగవాడి కుంచెకి నమూనాగా పడి ఉన్న స్త్రీ ఇలా తిరిగి చూస్తే ఆ బొమ్మని డ్రాయింగురూములో పెట్టుకునేదెవరు?

గుర్తింపు వచ్చింది, కానీ ఎప్పుడు? జర్మన్ మాట్లాడే దేశాల్లో చిత్రకళకి తొలి మహిళా ప్రొఫెసరుగా వియన్నాకి పిలిచేసరికి 1980 అయింది. వెనిస్ బినాలేలో జీవితకాల కృషికి బంగారు సింహం 2013లో, 93 ఏళ్ల వయసులో ఇచ్చారు. మరుసటి ఏడే ఆమె చనిపోయింది. ఆమె చిత్రాలు వేలంలో లక్షల యూరోలు పలికాయి.

ఆ డబ్బు ఎవరిది? మొదట చవగ్గా కొని దాచుకున్నవారిది. ఈ అన్యాయాన్ని కొంతైనా సరిచేయడానికి యూరోపియన్ యూనియన్ 2001లో ఒక ఆదేశం తెచ్చింది. కళావ్యాపారుల ద్వారా బొమ్మ మళ్లీ అమ్ముడైనప్పుడల్లా చిత్రకారులకి ధరలో వాటా ఇవ్వాలి. మొదటి 50 వేల యూరోల మీద సాధారణంగా 4 శాతం, ఆపైన తగ్గుతూ పోతుంది. ఎంత పెద్ద అమ్మకమైనా 12,500 యూరోలు దాటదు. ఆస్ట్రియాలో ఇది 2006లో అమల్లోకి వచ్చింది. లాస్నిగ్‌కి అప్పటికి 86 ఏళ్లు! పైగా ఈ చట్టం రెండోసారి అమ్ముడయ్యే బొమ్మకే. మొదటి బేరమే దొరకని స్త్రీకి దీనివల్ల ఒరిగేదేమీ లేదు. కాబట్టి బతికున్న చిత్రకారిణి దగ్గర, ఆమె అడిగిన ధరకి, అసలు చిత్రం కొనడాన్ని నేను విలాసం అనుకోను. కూలిరేటు గురించి పోరాడే మనం దాన్ని శ్రమకి విలువ కట్టడంగానే చూడాలి.

మన కాపీరైటు చట్టంలోనూ 1994 సవరణతో 53ఎ సెక్షన్ చేరింది. తిరిగి అమ్మినప్పుడు ధర 10 వేల రూపాయలు దాటితే, 10 శాతం మించకుండా చిత్రకారిణికో ఆమె వారసులకో వాటా రావాలి. ఈ సంగతి తెలిసిన చిత్రకారిణులు మనలో ఎంతమంది?

ఇంకోటి. బొమ్మ కొంటే గోడకి తగిలించుకునే వస్తువు మనదవుతుంది, అంతే. దాన్ని పోస్టరుగా, క్యాలెండరుగా అచ్చువేసే హక్కు ఆమె దగ్గరే ఉంటుంది. కానీ డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న బొమ్మ సంగతి వేరు. వేరే ఒప్పందం లేకపోతే 17వ సెక్షన్ ప్రకారం కాపీరైటు వేయించుకున్నవారిదే. అప్పుడు 53ఎ కింద వాటా కూడా ఆమెకి రాదు. మార్చి 8కి పోస్టర్లు, నివేదికలకి ముఖచిత్రాలు వేయించుకునే సంస్థలన్నీ ఈ మెలిక గమనించాలి. డబ్బు చెల్లించే కాగితం మీదే "కాపీరైటు చిత్రకారిణిదే, మేం ఫలానా పనికి మాత్రమే వాడుకుంటాం" అని రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోవచ్చు. దానికి ప్లీడరు కూడా అక్కర్లేదు.