ఎడారి కబుర్లు: ఇసుకలో పచ్చ బిళ్ళలు



మొన్న సెలవుల్లో రియాద్ నుంచి తబూక్ వెళ్ళాం. విమానం దిగబోతుంటే, కిటికీ పక్కన కూర్చున్న మా అమ్మాయి, "నాన్నా, ఇసుకలో ఇన్ని పచ్చ బిళ్ళలు ఎవరు పరిచారు?" అని అడిగింది.

పిల్లలూ, మీరూ చూసే ఉంటారు. అవి పొలాలు! మధ్యలో ఒక బోరు, దానికి చక్రాల మీద నడిచే పొడవాటి గొట్టం. అది గడియారం ముల్లులా తిరుగుతూ నీళ్ళు చల్లుతుంది. అందుకే పొలం గుండ్రంగా ఉంటుంది. పెద్ద వలయమైతే 120 ఎకరాలు కూడా దాటొచ్చు.

వానే లేని చోట ఇంత పంట ఎలా వచ్చింది? సర్కారు డబ్బుతో! తిండిగింజలకు ఎవరి మీదా ఆధారపడకూడదని 1970ల చివర్లో సౌదీ ప్రభుత్వం గట్టిగా తలచింది. రైతులకు భూములిచ్చింది, వడ్డీ లేని అప్పులిచ్చింది, యంత్రాల ఖర్చులో వాటా భరించింది. పండిన గోధుమను కిలో మూడున్నర రియాళ్ళకు కొన్నది. ప్రపంచ మార్కెట్టు ధరకు అది ఎన్నో రెట్లు! తర్వాత ఆ ధర తగ్గించినా సాగు మాత్రం పెరుగుతూనే పోయింది. 1992 నాటికి పంట సుమారు 40 లక్షల టన్నులకు చేరింది. ఎడారి దేశం గోధుమను ఎగుమతి చేసింది!

కానీ ఆ నీళ్ళు ఎక్కడివి? వేల ఏళ్ళ కిందట, ఈ నేల మీద వానలు బాగా కురిసిన రోజుల్లో లోపలికి ఇంకినవి. తోడితే మళ్ళీ ఊరవు. గోధుమకు ధర కట్టారు గానీ నీటికి కట్టలేదు. చివరికి 2008లో ప్రభుత్వమే కళ్ళు తెరిచి, కొనుగోళ్ళను ఏటా 12.5 శాతం చొప్పున తగ్గిస్తూ 2016కల్లా ఆపేసింది. తర్వాత మళ్ళీ మొదలుపెట్టినా, ఒక పరిమితి పెట్టుకునే కొంటోంది.

ఆ సాయంత్రమే రాయచోటి దగ్గర మా ఊరి నుంచి నాయన ఫోన్ చేశాడు. "నాలుగో బోరూ ఎండిపోయిందిరా. ఇంకోటి వేయిద్దాం, డబ్బు పంపు" అన్నాడు. మన దగ్గరా అంతే కదా! 2004 నుంచి సేద్యానికి ఉచిత కరెంటు. అది ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది, కాదనను. కానీ మోటారు ఆపాలన్న ఆలోచన ఎవరికొస్తుంది? నేను నాయనకు ఈ సౌదీ కథంతా చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాళ్ళకు నీళ్ళయిపోతే సముద్రం నీళ్ళు మంచినీళ్ళు చేసుకుంటారు. మనకేముందిరా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. బోరుకు పంపననీ, సేద్యపు కుంటకూ డ్రిప్పుకూ అయితే పంపుతాననీ చెప్పాను. డ్రిప్పుకు సర్కారు రాయితీ కూడా ఉంది. నాయన ఇంకా ఔననలేదు. చెట్టు మీద కాయ వాడిపోతుంటే, ఇక్కడ ఏసీ గదిలో కూర్చుని నీతులు చెప్పడం నాకూ తేలిక కాలేదు.

పిల్లలూ, మీకో పని! ఈసారి ఫోన్ చేసినప్పుడు, మీ తాతయ్య చిన్నప్పుడు బావిలో నీళ్ళు ఎంత లోతులో ఉండేవో, ఇప్పుడు బోరు ఎన్ని అడుగులు దిగిందో అడగండి. రెండు అంకెలూ రాసి మాకు పంపండి. వచ్చే సంచికలో కలుద్దాం!