హబ్బా, స్విచ్చా?

"హబ్‌కూ స్విచ్‌కూ గల తేడాలు వ్రాయుము" - మనందరికీ బాగా పరిచయమైన ప్రశ్న. రెండు గళ్ళ పట్టీ గీసి, అయిదు తేడాలు వ్రాసి, మార్కులు పుచ్చుకుని మరిచిపోతాం. అంతటితో సరిపెట్టుకుంటే అసలు సంగతి జారిపోతుందని నా అభిప్రాయం.

హబ్ దండోరా వేసేవాడి లాంటిది. ఒక తీగ మీద వచ్చిన కబురును తక్కిన తీగలన్నిటికీ వినిపిస్తుంది. ఎవరికి సంబంధించిందో వాళ్ళు తీసుకోవాలి, మిగతావాళ్ళు వినీ విననట్టు ఊరుకోవాలి. ఊరుకోకపోతే? రహస్య లిపిలో పెట్టకుండా పంపిన మన ఉత్తరాలూ, పాస్‌వర్డులూ పక్క కంప్యూటర్ వాడు హాయిగా చదువుకోవచ్చు! పైగా ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా చెడుతుంది. సెకనుకు 10 మెగాబిట్ల దారి మీద 20 యంత్రాలు ఒక్కసారే పడితే తలా అర మెగాబిట్ కూడా దక్కదు.

స్విచ్ అలా కాదు, పోస్టుమాన్ లాంటిది. పంపినవాడి 48 బిట్ల చిరునామా చూసి, అతను ఏ గుమ్మంలో ఉన్నాడో గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత అతనికి వచ్చిన కబురు ఆ గుమ్మానికే చేరుస్తుంది. 1990లో ఇలాంటి ఈథర్‌నెట్ స్విచ్‌ను అమెరికాలో తెచ్చిన కంపెనీ పేరు 'కల్పన'. దాని స్థాపకుల్లో వినోద్ భరద్వాజ్ ఒకరు. 2011 నుంచి ఈథర్‌నెట్ ప్రమాణాలు కూడా హబ్‌లను వద్దనే అంటున్నాయి.

అలాగని స్విచ్ ఉంది కదా అని గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోలేం. చిరునామా తెలియనప్పుడు, ఊరికి కొత్తగా వచ్చిన పోస్టుమాన్‌లా, అదీ అన్ని గుమ్మాలూ తడుతుంది. దొంగ చిరునామాలతో దాని పట్టీ నింపేస్తే చాలా స్విచ్‌లు మళ్ళీ దండోరాకే దిగుతాయి. అందరూ ఒకే సర్వర్ మీద పడితే ఆ ఒక్క తీగ దగ్గర రద్దీ కూడా తప్పదు.

కనుక నేననేది ఇదీ: పని చేసుకునే ల్యాబులో హబ్ వద్దు, పాఠం నేర్చుకునే ల్యాబులో ఒక్కటైనా ఉండాలి. మూలనున్న పాత హబ్‌ను పాతసామాన్ల వాడికి వెయ్యకండి. దానికి నాలుగు యంత్రాలు తగిలించి, వైర్‌షార్క్ తెరిచి, ఒప్పుకున్న మిత్రుడి మాట మన తెర మీదికి రావడం ఒక్కసారి కళ్ళారా చూద్దాం. తాళం వెయ్యని ఉత్తరం ఎందుకు పంపకూడదో ఆ తర్వాత ఎవరూ చెప్పక్కర్లేదు. బట్టీపట్టిన అయిదు తేడాలకన్నా అది పెద్ద పాఠం కాదూ?