తలుపు తెరుచుకొనే వేళ

మా తండ్రిగారు కాలం చేసినప్పుడు పరామర్శకు వచ్చినవారు ఎందరో. ఆత్మకు నాశనం లేదని కొందరు, అంతా ఈశ్వరేచ్ఛ అని కొందరు ఓదార్చి వెళ్ళారు. వారి మాటల్లో తప్పు లేదు. కాని ఒక్కటీ నా మనస్సుకు ఎక్కలేదు.

ఎనిమిదవనాటి సాయంకాలం ఎదురింటి బాబాయిగారు వచ్చి, అరుగుమీద నా పక్కన చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. చివరకు, "మీ నాన్నగారు ఆఖరిరోజుల్లో దేన్ని గురించి ఎక్కువగా మాట్లాడేవారు, బాబూ?" అని అడిగారు. చెబుతూ ఉండగానే చీకటి పడింది. అంతకుముందు ఎవరినీ అడగని ప్రశ్న అప్పుడు నా నోట వచ్చింది. "మనిషి కథ ఇక్కడితో సరేనా, బాబాయిగారూ?"

"మా పెద్దవాడు పోయిననాటి నుంచి నేనూ అదే అడుగుతున్నాను," అన్నారాయన. ఆ రాత్రి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.

మామూలు రోజుల్లో ఇటువంటి ప్రశ్నకు మనకు తీరిక ఉండదు. ఉద్యోగం, ఇంటి అద్దె, పిల్లల చదువు దాన్ని కప్పివేస్తాయి. జీవితం మలుపు తిరిగినప్పుడే అది పైకి వస్తుంది. ఆ మలుపు దుఃఖమే కానక్కరలేదు. అమెరికాకు చెందిన హోమ్స్, రాహే అనే వైద్యులు 1967లో మనిషిని కదిలించే 43 సంఘటనలకు అంకెలు కట్టారు. జీవిత భాగస్వామి మరణానికి 100 ఇచ్చి, వివాహానికి 50, ఉద్యోగ విరమణకు 45 ఇచ్చారు. మేళతాళాలతో వచ్చిన మార్పైనా మనిషిని పాత చోటినుంచి కదిలించక మానదన్నమాట.

ఇటువంటి సంధికాలాల్లో జరిపే ఆచారాలను పరిశీలించి, 1909లో వాన్ జెన్నెప్ ఫ్రెంచి భాషలో ఒక గ్రంథం రాశారు. పాతదాన్ని విడవడం, గడపమీద నిలవడం, కొత్తదానిలో చేరడం అని వాటిలో మూడు దశలను చూపారు. గడపకు పసుపు రాసే మనకు ఈ మాట కొత్త కాదు. నామకరణం, వివాహం, షష్టిపూర్తి అన్నీ గడపమీద నిలిచిన మనిషికి తోడుగా మన పెద్దలు ఏర్పరచినవే.

అయితే ఆ తోడు ఎలా ఉండాలి? మన గ్రంథాలు ఈ విషయంలో ఒక మర్యాద పాటించాయి. ఏడు రోజుల్లో మరణమని తెలిసిన పరీక్షిత్తు, చావు దగ్గరపడినవాడు చేయవలసినదేమిటని అడిగిన తరువాతనే శుకమహర్షి భాగవతం వినిపించాడు. భగవద్గీత రెండవ అధ్యాయం ఏడవ శ్లోకంలో అర్జునుడు శిష్యుడనని శరణు వేడుతాడు. కృష్ణుని తత్త్వబోధ పదకొండవ శ్లోకంలో గాని మొదలుకాదు. చనిపోయిన బిడ్డను ఎత్తుకొని వచ్చిన కిసాగోతమికి బుద్ధుడు ధర్మం బోధించలేదు. చావు ఎరుగని ఇంటినుంచి గుప్పెడు ఆవాలు తెమ్మన్నాడు. ఇల్లిల్లూ తిరిగి, సత్యాన్ని ఆమె తానే తెలుసుకొంది.

ప్రశ్న ముందు, బోధ తరువాత. ఈ క్రమం తప్పితే ఎంత గొప్ప మాటైనా భారమే అవుతుంది.

తెరిచిన తలుపులోనుంచి గాలీ వస్తుంది, దొంగా వస్తాడు. దుఃఖంలో ఉన్న ఇంటికి దోషాలు చెప్పి భయపెట్టేవారు, శాంతులకని సొమ్ము గుంజేవారు, తమ మార్గమే శరణ్యమని తొందరపెట్టేవారు వెతుక్కుంటూ వస్తారు. ఆస్తి రాసివ్వడం, ఇల్లు విడవడం వంటి నిర్ణయాలు ఆ రోజుల్లో చేయకపోవడమే మంచిది. మన మేలు కోరేవాడు మనకు వ్యవధి ఇస్తాడు.

మీ ఎరుకలో ఎవరింటనైనా ఇటువంటి మార్పు వచ్చి ఉంటే, జనసందడి ఉన్ననాడే కాక, మాసికాలనాటికి ఇల్లు బోసిపోయినప్పుడు కూడా వెళ్ళండి. నిన్ననే పదవీ విరమణ చేసిన మిత్రుణ్ణి వచ్చే సోమవారం ఉదయం పలకరించండి. ఏం చెప్పాలా అని ఆలోచించకండి. అడిగి, వినండి.

బాబాయిగారు కూడా ఇప్పుడు లేరు. ఆయన పోయిన తరువాత ఒక సాయంకాలం వెళ్ళి పిన్నిగారి దగ్గర కూర్చున్నాను. ఏమీ చెప్పలేదు. చాలాసేపటికి ఆమే నన్ను అడిగారు, "ఇక్కడితో సరేనా, నాయనా?"