నీళ్ళపైన అరగజం

క్రిందటి నెల రక్తపుపోటు గురించి వ్రాస్తూ, వారానికి మూడు రోజులైనా ఒళ్ళు వంచండని సలహా చెప్పాం. "మరి డాక్టరుగారు ఏం చేస్తున్నారో!" అని ఒక సోదరి పిక్నిక్‌లో అందరి ముందూ అడిగారు. అందుకు జవాబు ఇది. మేము ఫాయిల్ సర్ఫింగ్ నేర్చుకుంటున్నాం. అంటే, ప్రస్తుతానికి పడడం నేర్చుకుంటున్నాం.

సర్ఫింగ్ పలకను మన శాన్ డియేగోలో చూడనివారుండరు. ఫాయిల్ పలకకు అడుగున రెండు మూడడుగుల నిలువు కడ్డీ, దాని కొసన విమానానికున్నట్టు రెక్కలు ఉంటాయి: ముందు పెద్దది, వెనుక చిన్నది. వేగం అందుకోగానే రెక్క నీటిని క్రిందికి నెడుతుంది, నీరు రెక్కను పైకి నెడుతుంది. పలక గాలిలోకి లేస్తుంది. రెక్క నీటిలోనే ఉంటుంది. సూత్రం పాతదే. టెలిఫోను బెల్‌గారి బృందం ఇలాగే కట్టిన పడవ 1919లో కెనడాలోని ఒక సరస్సుపై గంటకు 70 మైళ్ళు దాటి పరుగెత్తింది.

మేము పుట్టింది భీమవరం దగ్గర, కాలువ గట్టున. మాకు ఏడేళ్ళప్పుడు మా పెద్దనాన్నగారి అబ్బాయి లాకుల దగ్గర మునిగిపోయాడు. ఆ తరువాత మా ఇంట్లో పిల్లలెవరినీ మోకాలి లోతు దాటనివ్వలేదు. గుంటూరులో మునిగినవారికి చేయవలసిన చికిత్స చదివాం గాని, ఈత మాత్రం రాలేదు. "నాన్నా, నువ్వెప్పుడూ ఒడ్డునే ఎందుకు నిలబడతావు?" అని మా అమ్మాయి అడిగాక, ముప్పైమూడో ఏట, ఆరేళ్ళ పిల్లల ప్రక్కన కొలనులో దిగాం. అది మూడేళ్ళ నాటి మాట.

ఫాయిల్ మొదటి పాఠం అలలపైన కాదు. మిషన్ బేలో, కదలని నీటిలో, పడవ వెనుక తాడు పట్టుకుని. పలక లేవగానే భయంతో వెనక్కు వాలాం. తప్పంతా అక్కడే. వెనక్కు వాలితే పలక ముక్కు ఇంకా పైకెత్తుకుంటుంది. రెక్క నీటిపైకి వచ్చేస్తుంది. బలం ఒక్కసారిగా పోయి అంతా కూలుతుంది. వేగం రెండింతలైతే ఎత్తే బలం నాలుగింతలు. కనుక లేచేకొద్దీ బరువు ముందుకాలిపై వేయాలి. భయం వేసినప్పుడు ముందుకు వంగాలన్నమాట!

ముప్పైరెండుసార్లు పడ్డాం. లెక్కపెట్టింది మా అమ్మాయి. ముప్పైమూడోసారి పలక అరగజం లేచింది. క్రింద నీటి చప్పుడు ఆగిపోయింది. నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లలో లాకులు గుర్తుకు రాలేదు. ఒడ్డుకు వచ్చాక వచ్చాయి. కాసేపు ఎవరితోనూ మాట్లాడలేకపోయాం.

నేర్చుకోదలచినవారికి: ముందు ఈత రావాలి. శిరస్త్రాణం, తేలే కోటు తప్పనిసరి. మొదట పెద్ద రెక్క, పొట్టి కడ్డీ వాడాలి. రెక్క అంచు కత్తివంటిది. పలకకు దూరంగా, ప్రక్కకు పడాలి. తల చేతులతో కప్పుకుని పైకి రావాలి. ఈదేవాళ్ళ మధ్యకు పోరాదు. పదేళ్ళకొకసారి ధనుర్వాతం సూది మరవకండి. మా మోకాలి క్రింద నాలుగు కుట్లు పడ్డాయి. వేసిన మిత్రుడు కుట్టుకొక ప్రశ్న అడిగాడు.

ఈత రాని పెద్దలు మనలో చాలామందే ఉన్నారు. శనివారం ఉదయం మాతో కొలనుకు రండి. సిగ్గుపడనక్కరలేదు, ప్రక్కవాళ్ళకు ఆరేళ్ళే.

మా అమ్మకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. ఈ పత్రిక భీమవరం వెళ్ళదన్న ధైర్యంతోనే వ్రాస్తున్నాం.